చప్పుడు చెయ్యని కంప్యూటరు

జనవరి 20, సోమవారం

కొరియర్ బండివాళ్ళు ఇవాళ అయిదు అట్టపెట్టెలు దించి వెళ్ళారు. కోడలు బషీరా సంతకం పెట్టి, ఒక్కొక్కదాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలి గదిలోకి మోసింది. నేను సాయం పడతానంటే, "వద్దత్తమ్మా, మీ చేతులు వణుకుతాయి" అంది. నా చేతులు వణకవు. వణికేది ఆయన చేతులు.

ఈ డైరీ విత్తనాల కొట్టువాళ్ళు ఇచ్చింది. గుండెదడకు మాత్రలు రాసిన డాక్టరమ్మ, "నీ మనసులో తిరిగేదంతా కాగితం మీద పెట్టెయ్యి సర్దార్ బీ, కొంత తగ్గుతుంది" అంది. నేను చదివింది అయిదో తరగతి. తప్పులు ఉంటే నాకే కదా కనపడేది.

ఇప్పుడు తిరుగుతున్నది ఇది. ఆ పెట్టెల్లో ఉన్నది కంప్యూటరు. అందులో నీళ్ళు పోస్తారట. కరెంటుతో నడిచే వస్తువులో నీళ్ళు.

జనవరి 21

బషీరా నన్ను కూర్చోబెట్టి మళ్ళీ చెప్పింది. పెనుగొలనులో తను పాఠాలు చెప్పే బడి జూన్‌లో మూసేశారు కదా. అప్పటినుంచి హైదరాబాదులో ఒక సంస్థను పని అడుగుతోంది. చూపులేని పిల్లల కోసం బడి పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసి ఇవ్వాలి. ఇంట్లో కూర్చునే చెయ్యవచ్చు. మచ్చుకు మూడు పాఠాలు చదివి పంపమన్నారు. రెండుసార్లు పంపింది. రెండుసార్లూ వెనక్కి కొట్టారు. గొంతు బాగుందట, వెనక హోరు వినపడుతోందట.

ఆ హోరు తన లాప్‌టాప్‌లో ఉన్న చిన్న ఫ్యానుది. బయటి చప్పుళ్ళు రాకూడదని కిటికీలు మూసి, పైన ఫ్యాను ఆపి కూర్చుంటుంది. గది ఉడికిపోతుంది. గది ఉడికితే లాప్‌టాప్ రొప్పుతుంది. అందుకని నీళ్ళతో చల్లబడే కంప్యూటరు తనే బిగించుకుంటానంది. ఫిబ్రవరి 20 ఆఖరి తేదీ. ఈసారి కూడా హోరు వినపడితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఇదంతా నీకెవరు నేర్పారే?" అన్నాను.

"వీడియోలు చూశానత్తమ్మా."

"షాకు కొట్టినవాళ్ళు వీడియోలు తియ్యరు కదా మరి."

నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

ఆ బడిలో సుప్రజ అని చూపులేని పిల్ల ఒకతి ఉండేది. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్లకు పుస్తకం చదివి వినిపించి కానీ బషీరా బస్సు ఎక్కేది కాదు. నేను గుమ్మంలో నిలబడి ప్రతి బస్సునూ చూసేదాన్ని. ఇప్పుడు చూడడానికి బస్సు లేదు. అయినా నాకేమీ నిమ్మళంగా లేదు. బడి మూసేశాక ఈ పిల్ల మాట తగ్గిపోయింది.

జనవరి 23

బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు రావడం లేదు. ఇంకొకటి వేసుకోలేదు. వేసుకోకపోవడం మంచిదో కాదో.

జనవరి 25

లోపలి గదిలో కింద దుప్పటి పరిచి పని మొదలుపెట్టింది. నిలువుగా నల్లటి ఇనప డబ్బా, నా మోకాలు దాటి ఉంటుంది. దాన్ని టవర్ అంటారట. తలుపులకు లోపల స్పాంజి అతికించి ఉంది, చప్పుడు బయటికి రాకుండా. నల్లటి రబ్బరు గొట్టాలు, అరచేతిలో పట్టేంత పంపు, మందు సీసా అంత నల్లటి ట్యాంకు. ఆ తరువాత ఇంకో పెట్టె విప్పింది. అందులోంచి తీసినదాన్ని చూసి వరండాలో ఉన్న ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు.

అది రేడియేటరు. ట్రాక్టరుకు ఉండేలాంటిదే, పలక అంత ఉంది.

ఆయన నలభై ఒక్క ఏళ్ళు రేడియేటర్లు బాగుచేశారు. తిరువూరులో రేడియేటర్ నబీ అంటే ఇప్పటికీ చెబుతారు. షాపు ఇంటిముందు రేకుల షెడ్డులోనే. ఇత్తడివి పోయి అల్యూమినియంవి వచ్చాయి. వాటికి టంకం పట్టదు, పాడైతే పారేసి కొత్తది కొంటారు. ఆగస్టులో షెడ్డుకు తాళం వేశారు. అప్పటినుంచి వరండాలో కూర్చుని రోడ్డు చూస్తుంటారు. అన్నం పెట్టనా అంటే తల ఊపుతారు. ఇంతే.

ఇవాళ కూడా ఏమీ అనలేదు. చూశారు, అంతే.

జనవరి 26

షఫీకి ఫోన్ చేశాను. నాగపూర్ దాటాడట, లారీలో మిర్చి లోడు ఉంది. "నీ పెళ్ళాం కంప్యూటర్లో నీళ్ళు పోస్తోందిరా" అన్నాను. "పోయనీ అమ్మా, నా లారీలో కూడా నీళ్ళే పోస్తాను" అన్నాడు. వీడికి ఏది చెప్పినా ఇంతే.

జనవరి 28

ఇవాళ ఒక సంగతి జరిగింది.

బషీరా గొట్టాలన్నీ బిగించి, నీళ్ళు కారతాయేమో చూడడానికి కింద తెల్లకాగితాలు పరిచింది. ఒక రోజంతా పంపు ఒక్కటే నడిపి, కాగితం తడిస్తే ఎక్కడో కారుతున్నట్టట. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"కాగితం తడిసేదాకా ఎందుకు కూర్చోవడం" అన్నారు.

బషీరా, నేనూ ఇద్దరం తలెత్తి చూశాం.

"నీళ్ళు పోసి చూడరు. గాలి పట్టించి చూస్తారు. ఆ రేడియేటరు, గొట్టాలు ఊడదీసి ఇటు పట్రా."

షెడ్డు తాళం తీశారు. సైకిలు పంపు, గాలి కొలిచే ముల్లు ఉన్న పాత గేజీ తీసుకొచ్చారు. నా గిన్నెలు తోముకునే టబ్బులో నీళ్ళు నింపించారు. ఒక చివర బిరడా పెట్టి, ఇంకో చివర గాలి కొట్టించి, నీళ్ళలో ముంచమన్నారు. బషీరా ముంచింది. ఇద్దరూ టబ్బు మీదికి వంగి చూస్తున్నారు. ఎంతసేపటికీ ఏమీ లేదు. తరువాత ఒక గొట్టం మూతి దగ్గర ఆవగింజంత బుడగ పైకి వచ్చింది. తరువాత ఇంకొకటి.

"అదిగో" అన్నారు ఆయన. "లోపల రబ్బరు రింగు మెలిపడింది. తీసి సరిగ్గా కూర్చోబెట్టు."

"మీరే పెట్టండి మావయ్యా."

"నా చేతులతో అయితే పొద్దుగూకినా కూర్చోదు. నువ్వు పెట్టు, నేను చెబుతా."

మళ్ళీ ముంచారు. బుడగ లేదు. పావుగంట చూశారు. ఆయన లేచి తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మళ్ళీ వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

నా టబ్బు మాత్రం ఎవరూ కడగలేదు.

జనవరి 31

కంప్యూటరు వెలిగింది. పంపు నడుస్తోంది, రేడియేటరు వెనక రెండు పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తలుపు వేస్తే ఏమీ వినపడదు. చెవి ఆనించినా వినపడలేదు నాకు.

ఎదురింటి జోజమ్మ పిండి మర ఆపి చూడడానికి వచ్చింది. "ఇదేంటక్కా, పనిచేస్తోందా చచ్చిందా?" అంది.

నాకూ అదే అనుమానం. చప్పుడు చేసే వస్తువుతో నాకు బెంగ లేదు. ఫ్రిజ్జు గర్రుమంటే బతికుంది అనుకుంటాను. ఆయన గురక పెడితే హమ్మయ్య అనుకుంటాను. ఇది లోపల ఏం చేస్తోందో ఎలా తెలుస్తుంది?

బషీరా అప్పుడే మొదటి పాఠం చదవడానికి కూర్చుంది. రోజూ సాధన చేసి, బాగా వచ్చాక మూడు పాఠాలూ ఒకేసారి రికార్డు చేస్తుందట.

ఫిబ్రవరి 3

చదివేటప్పుడు గొంతు ఎంత మారుతుందో. తలుపు అవతల నిలబడి విన్నాను. నాతో మాట్లాడే గొంతు కాదు అది.

ఫిబ్రవరి 5

పొద్దున్నే గది ఊడవడానికి వెళ్ళాను. టవర్ పక్కన గచ్చు మీద నీటిచుక్కలు. రెండు. తుడిచేశాను.

బషీరాకు చెప్పలేదు. చెబితే మొత్తం ఊడదీస్తుంది. ఇంక పదిహేను రోజులే ఉంది. రింగు సరిగ్గా కూర్చుందని ఆయన అన్నారు కానీ, ఆయన కళ్ళకు పొర వచ్చి ఏడాది అవుతోంది. ఆవగింజంత బుడగ ఇంకోటి ఉంటే కనిపించిందో లేదో.

ఫిబ్రవరి 6

ఇవాళ కూడా చుక్కలు. మూడు. అదే చోట.

ఫిబ్రవరి 7

మళ్ళీ ఉన్నాయి. బషీరా స్నానానికి వెళ్ళినప్పుడు నేను ఒక పని చేశాను. మంచికే చేశాను.

రేడియేటర్ల షాపు పక్కన నలభై ఏళ్ళు వంట చేసినదాన్ని, నాకేమీ తెలియదా? నెమలి వెళ్ళే రోడ్డులో లారీ ఆగిపోతే, రేడియేటరు చిల్లిపడి నీళ్ళు కారుతుంటే డ్రైవర్లు ఏం చేసేవాళ్ళు? ఏ ఇంట్లోనో పసుపు అడిగి తెచ్చి అందులో వేసేవాళ్ళు. పసుపు వెళ్ళి ఆ సందులో కూర్చుని కారడం ఆపేది. ఎన్ని లారీలు అలా మా షాపుదాకా నడిచి వచ్చాయి.

టవర్ తలుపు చేత్తోనే ఊడే మరలతో ఉంది. చిన్న ట్యాంకుకు మూత ఉంది. చిటికెడు పసుపు వేడినీళ్ళలో కలిపి, పలచటి గుడ్డలో వడకట్టి మరీ పోశాను. వడకట్టకుండా పోసే మొద్దును కాను. గొట్టాలు, ట్యాంకు అన్నీ నలుపే, రంగు కనిపించదు. తలుపు మళ్ళీ బిగించాను.

చిటికెడే.

ఫిబ్రవరి 8

చుక్కలు లేవు. చూశారా.

ఫిబ్రవరి 9

ఒక చుక్క ఉంది. కానీ అది నేను గచ్చు సరిగ్గా తుడవకపోవడం వల్ల అయి ఉంటుంది.

కంప్యూటరు బాగానే నడుస్తోంది. బషీరా రెండో పాఠం తప్పు లేకుండా చదివింది. నేను వేసింది కూడా చిటికెడు కాకపోతే రెండు చిటికెలు, అంతకన్నా ఏముంది.

ఫిబ్రవరి 10

అన్నం తింటూ బషీరా, "ఏంటో, నాలుగు రోజులనుంచి ఫ్యాన్లు కాస్త గట్టిగా తిరుగుతున్నాయి" అంది.

"ఎండలు ముదురుతున్నాయి కదా" అన్నాను.

మాఘమాసంలో ఎండలు ముదరవని నాకూ తెలుసు.

ఫిబ్రవరి 12

ఆగిపోయింది.

బషీరా చదువుతుండగా ఫ్యాన్లు హోరుమని, తెర నల్లబడి, మొత్తం ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. రెండు నిమిషాలకు మళ్ళీ ఆగింది. మరీ వేడెక్కితే అదే ఆగిపోతుందట, కాలిపోకుండా. నేను వోల్టేజీ అన్నాను. గట్టిగానే అన్నాను, నిన్న మర దగ్గర కూడా లైటు మినుకుమినుకుమందని. మినుకుమనలేదు.

బషీరా పంపు పోయిందేమో అనుకుంది. ఎవరికో ఫోన్ చేసింది. కొత్త పంపు రావడానికి వారం పైనే పడుతుందట. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందని వీపు చూస్తే తెలిసింది.

ఆయన వచ్చారు. తలుపు ఊడదీయమన్నారు. కళ్ళు మూసుకుని రెండు గొట్టాల మీద రెండు అరచేతులు పెట్టారు. డాక్టరు నాడి చూసినట్టు చాలాసేపు.

"పంపు కొట్టుకుంటోంది. పంపు బాగుంది" అన్నారు. "నీళ్ళు సాగట్లేదు. ఎక్కడో పూడుకుంది."

"కొత్తది కదా మావయ్యా, ఏం పూడుతుంది?"

"అదే నాకూ తెలియట్లా. ఇందులో ఆ సీసాలో వచ్చిన నీళ్ళు, కూలెంటు, తప్ప ఏమన్నా పోశావా?"

"లేదు."

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఇద్దరూ నావైపు చూడలేదు. నన్ను అడగాలని కూడా వాళ్ళకు తోచలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ షబే బరాత్, మన్నింపులు అడిగే రాత్రి. హల్వా చేశాను. జోజమ్మకు పంపాను. షఫీకి ఫోన్ చేసి, ఏడాది పొడుగునా నిన్నేమన్నా అని ఉంటే మన్నించరా అన్నాను. ఆయన్ని అడిగాను. తల ఊపారు. బషీరాను కూడా అడిగాను, అందరినీ అడిగినట్టే. "మీరేం చేశారత్తమ్మా" అంది.

అప్పుడు చెప్పాల్సింది.

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 14

చెప్పలేదు. డ్రైవర్లు పసుపు వేసుకుని వచ్చేవాళ్ళని రాశాను కదా. వచ్చాక ఏమయ్యేదో రాయలేదు. ఆయన రేడియేటరు విప్పి, లోపల బురదలా పేరుకున్న పసుపు చూసి, "దారిలో గట్టెక్కించింది సరే, ఇప్పుడు దీని ప్రాణం తీసింది" అని డ్రైవర్లను తిట్టేవారు. పుల్లలతో, ఆమ్లంతో రెండేసి రోజులు కడిగేవారు. అది నాకు 7వ తేదీన గుర్తు లేదు.

ఉంది. కొంచెం గుర్తుంది.

రేపు మొత్తం విప్పుతామంటున్నారు. విప్పితే కనిపిస్తుంది.

ఫిబ్రవరి 15

విప్పకముందే చెప్పాను. వంటింట్లో బషీరా వంకాయలు తరుగుతోంది. నేను పొయ్యివైపు తిరిగి, ఆ కంప్యూటర్లో పసుపు ఉందమ్మా అన్నాను.

కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఏముంది?"

"పసుపు. కారుతోందని. నేనే వేశాను."

"ఎంత?"

చిటికెడు అనబోయాను. నోరు రాలేదు. "చెంచాడు" అన్నాను. చెంచాడే. ఇందాకటి పేజీల్లో వేరేలా రాశాను. అవి కొట్టెయ్యను, అలాగే ఉండనీ.

"నాకెందుకు చెప్పలేదత్తమ్మా?"

"నీకు కంగారని."

"నాకు కంగారు లేదు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "చుక్కలు కనపడ్డాయని ఒక్క మాట అంటే చాలు, ఊడదీసి చూసుకునేదాన్ని. మీ భయం మీరు తట్టుకోలేకపోయారు. ఆ పసుపు కారేదానికి వెయ్యలేదు మీరు, మీ భయానికి వేసుకున్నారు. దానికి నా పని పోతుందేమో ఇప్పుడు."

వంకాయలు అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం తినలేదు. నేనూ తినలేదు. ఆయనకు పెట్టాను.

పెళ్ళయి వచ్చి ఎనిమిదేళ్ళు. నాకు ఇలా ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. ఇంట్లో ఎవరైనా ఇలా అన్నారా నాతో ఎప్పుడైనా అని ఆలోచించాను. లేదు. అందరూ నా భయానికి సర్దుకుపోయేవాళ్ళే.

ఫిబ్రవరి 16

పొద్దున ఆయన నన్ను పిలిచారు. బషీరా కూడా ఉంది, ముఖం ముడుచుకునే ఉంది.

"చుక్కలు ఎక్కడ చూశావు?" అన్నారు.

చూపించాను. టవర్ పక్కన, తలుపువైపు.

"ఏ వేళప్పుడు?"

"పొద్దున. మీరు నమాజుకు వెళ్ళాక, ఊడుస్తున్నప్పుడు."

ఆయన గడ్డం నిమురుకున్నారు.

"అవి నావే" అన్నారు.

"ఏవి?"

"ఆ చుక్కలు. వజూకి ముఖం, చేతులు కడుక్కుని, మసీదుకు వెళ్ళేముందు ఒకసారి ఇక్కడికి వచ్చి వంగి పంపు వింటున్నా. రింగు సరిగ్గా కూర్చుందో లేదోనని. తడి గడ్డం, తడి చేతులు. కారి ఉంటాయి."

కంప్యూటరు ఎక్కడా కారలేదు. ఒక్క చుక్క కూడా.

బషీరా ఆయన్ని చూసింది. నన్ను చూసింది. కిందికి చూసింది. భుజాలు కదులుతుంటే మళ్ళీ ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. "రోజూనా మావయ్యా?" అంది.

"రోజూ ఏంటి, మొన్నటిదాకా. ఇప్పుడు ఆగిపోయిందిగా, ఏం వినను?"

నన్ను క్షమించిందని రాయడం లేదు. నవ్వింది అని రాస్తున్నాను.

ఫిబ్రవరి 17

మొత్తం విప్పారు. నీళ్ళు నా టబ్బులోకే వంచారు. పచ్చగా దిగాయి.

"కంప్యూటరుకు నలుగు పెట్టావా సర్దారూ? పెళ్ళెప్పుడు?" అన్నారు ఆయన. ఆగస్టు తరువాత ఆయన వేళాకోళం వినడం ఇదే. నన్ను అన్నా సరే అనిపించింది.

కంప్యూటరు గుండె మీద కూర్చునే రాగి బిళ్ళ ఒకటి ఉంది. దాని లోపల గీతలు, దువ్వెన పళ్ళకంటే సన్నం. నీళ్ళు ఆ గీతల మధ్యనుంచి పారి వేడిని లాక్కుపోవాలట. ఆ గీతల నిండా పసుపు ముద్ద. చూడలేకపోయాను.

ఆయన కుర్చీలో కూర్చుని చెబుతున్నారు, బషీరా చేస్తోంది. "గీతవెంటే తోముకుంటూ పో, అడ్డంగా తోమకు." "అంతే. ఇప్పుడు తిప్పి కొట్టు." "ఊహూ, గోరు పెట్టకు, అరుగుద్ది." మెత్తటి పళ్ళ బ్రష్షుతో రెండు గంటలు. రాగి నల్లబడిన చోట చింతపండు పులుసు రాయమన్నారు, రాసిన వెంటనే బ్యాటరీలకు పోసే నీళ్ళతో కడగమన్నారు. రేడియేటరులోకి నీళ్ళు ఎక్కించి తిరగేసి వంచడం, ఎక్కించి వంచడం. తొమ్మిదోసారికి తెల్లగా వచ్చాయి. ఆయన పదకొండుసార్లు అన్నారు. పదకొండుసార్లు చేసింది.

చింతపండు నేను నానబెట్టాను. అడిగాకే నానబెట్టాను.

ఫిబ్రవరి 18

బిగించారు. గాలి కొట్టి ముంచారు. బుడగ లేదు. కూలెంటు సగం సీసాయే మిగిలింది, మిగతాది బ్యాటరీ నీళ్ళే పోశారు. కొన్నాళ్ళకు పరవాలేదని బషీరా ఎక్కడో చదివి చెప్పింది, లారీకి నేనూ అదే చేసేవాణ్ణని ఆయన చెప్పారు. సాయంత్రం దాకా నడిపారు. వేడెక్కలేదు. చప్పుడు లేదు.

ఇంక ఒకటే రోజు ఉంది. మూడు పాఠాలూ రేపే రికార్డు చెయ్యాలి.

ఫిబ్రవరి 19

పొద్దున పదింటికి బషీరా తలుపేసుకుంది. పది నిమిషాల్లో బయటికి వచ్చింది. కంప్యూటరు చప్పుడు లేదు, అందుకే బయటివి అన్నీ వినపడుతున్నాయట. జోజమ్మ పిండి మర, ఆటోలు, రోడ్డు మీద కూరలబండి మైకు. ఇదివరకు లాప్‌టాప్ హోరులో ఇవన్నీ కలిసిపోయేవి.

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు. ఆగస్టు తరువాత మసీదుకు కాకుండా వేరే పనికి గడప దాటడం ఇదే. నేను వెనకాలే వెళ్ళాను, ఎవరితో గొడవ పడతారోనని.

మర దగ్గర ఆగారు. "జోజమ్మా, మధ్యాహ్నం దాకా మర ఆపు" అన్నారు. ఎందుకో చెప్పారు.

జోజమ్మ పిండి చేతులు నడుం మీద పెట్టుకుంది. "నలభై ఏళ్ళు నీ సుత్తి చప్పుడుకి నా పిల్లలు పగలు పడుకోలేదు బావా. ఒక్కరోజు కూడా ఆపమని నేను అడగలా. ఇప్పుడు నా మర చప్పుడయ్యిందా నీకు?"

"అయ్యింది."

"అయ్యిందా?"

"అవును. అప్పుడు నువ్వు అడగలేదు, నీ మంచితనం. ఇప్పుడు నేను అడుగుతున్నా, నా అవసరం."

జోజమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇన్ని మాటలు ఇంకా ఉన్నాయా నీ దగ్గర? అక్కేమో మా ఆయన మూగపోయాడని నా దగ్గర ఏడుస్తుంది." మర స్విచ్చు కట్టేసింది. బెల్టు తిరిగి తిరిగి ఆగింది. గోధుమలు పట్టించుకోవడానికి వచ్చిన ఇద్దర్ని అరుగు మీద కూర్చోబెట్టి, నోరెత్తితే తూకం తగ్గిస్తానంది.

ఆయన రోడ్డు మొదట్లో నిలబడ్డారు. ఆటోవాళ్ళు ఆయనకు తెలిసినవాళ్ళే, చాలామంది తండ్రులు ఆయన దగ్గర బళ్ళు బాగుచేయించుకున్నవాళ్ళే. చెయ్యెత్తి హారను కొట్టొద్దని సైగ చేస్తే, ఇంజన్లు ఆపి తోసుకుంటూ పోయారు కొందరు. ఎవరన్నా పోయారా నబీ మావా అని అడిగారు. లేదు, మా కోడలు పాఠం చదువుతోంది అన్నారు.

రెండుంబావుకు తలుపు తెరుచుకుంది. చెమటతో తడిసిపోయింది బషీరా. నీళ్ళు ఇచ్చాను. తాగింది. చెవులకు పెట్టుకునేవి తీసి నాకు పెట్టింది.

ముందు ఏమీ లేదు. చెవులు మూతపడ్డాయేమో అనుకున్నాను. తరువాత పక్కనే కూర్చుని చెబుతున్నట్టు ఆ పిల్ల గొంతు.

ఫిబ్రవరి 20

పంపించింది. వాళ్ళకు అందిందో లేదో. అందిందని వచ్చిందట. విన్నారో లేదో.

ఫిబ్రవరి 22

జవాబు లేదు. పసుపు డబ్బా పై అరలోకి మార్చాను, చెయ్యి అందనంత పైన. కూరకు బషీరానే తీసి వెయ్యాలి. "ఇదేంటత్తమ్మా" అంది. చెప్పాను. తిరిగి కింద పెట్టేసింది.

ఫిబ్రవరి 23

జవాబు లేదు. ఆదివారం కదా.

ఫిబ్రవరి 25

పని ఇచ్చారు. గొంతు తప్ప ఏమీ వినపడలేదని రాశారట. బషీరా మూడుసార్లు చదివి వినిపించింది. ఆయన "ఊఁ" అన్నారు. షెడ్డులోకి వెళ్ళి చాలాసేపు ఏవో సర్దుతూ కూర్చున్నారు. మొదటి పుస్తకం ఆరో తరగతిది. ఈ వారంలోనే మొదలుపెట్టాలట.

ఫిబ్రవరి 28

ఎల్లుండి నుంచి ఉపవాసాలు. ఈలోగా రెండు పాఠాలైనా పూర్తి చెయ్యాలని కూర్చుంది. కూర్చున్న కాసేపటికే తలుపు తీసింది.

"అత్తమ్మా, తలుపు అవతల నిలబడ్డారు కదూ."

లేదన్నాను.

"మీ గాజులు వినపడుతున్నాయి. ఎక్కడ నిలబడ్డారో కూడా చెప్పగలను. లోపలికి రండి."

"దగ్గు వస్తే?"

"వస్తే మళ్ళీ చదువుతాను. గాజులు తీసి రండి."

గాజులు తీసి మంచం మీద పెట్టాను. బోసి చేతులతో వెళ్ళి మూల స్టూలు మీద కూర్చున్నాను. కిటికీలు మూసేసింది. ఫ్యాను ఆపింది. కంప్యూటరు నా మోకాలి పక్కనే ఉంది, అది నడుస్తోందని దాని పచ్చలైటు చూస్తేనే తెలుస్తోంది. బషీరా గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నేను బడి మానేసిన తరువాతి తరగతి పుస్తకం. వాన నీళ్ళు నేలలోకి ఎలా దిగుతాయో, ఏ మట్టి ఎంత తాగుతుందో, బావి తవ్వితే నీళ్ళు ఎక్కడినుంచి ఊరతాయో. మధ్యలో ఒకచోట తడబడి ఆగి, నావైపు చూసి నవ్వి, ఆ వాక్యం మళ్ళీ చదివింది. నల్లరేగడి పగుళ్ళ సంగతి దగ్గర నాకు మా పుట్టింటి చేను కనిపించింది. ఎర్రమట్టి సంగతి వచ్చేసరికి, తరువాత ఏం చెబుతుందోనని ముందుకు వంగాను.

పాఠం అయిపోయిందని ఫ్యాను వేసింది. గంటన్నర గడిచిందట.

వంటింట్లోకి వచ్చాక గుండె దడదడలాడింది. గంటన్నర సేపు నేను ఎవరి గురించీ భయపడలేదు. ఆయన గురించి కాదు, బీపీ మాత్ర గురించి కాదు, లారీ గురించి కాదు. చూసుకోకుండా అంతసేపు వదిలేశానే, ఈలోగా ఎవరికి ఏమయిందో.

షఫీకి ఫోన్ చేశాను. అన్నం తింటున్నాడు.

"ఏమయిందమ్మా?" అన్నాడు.

ఏమీ కాలేదురా, తిను అన్నాను.